మంచులో కారు డోర్ ఎందుకు బిగుసుకుపోతుంది? రాత్రి ఏం చేయాలి, పొద్దున ఏం చేయకూడదు?

మనాలీలో జనవరి ఉదయం. రాత్రంతా హోటల్ బయట ఉన్న కారు దగ్గరకు వెళ్లి రిమోట్ నొక్కుతారు. లాక్ తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుంది. కానీ, హ్యాండిల్ పట్టుకుని లాగితే డోర్ కదలదు. ఇంకాస్త బలంగా లాగుతారు. ఈసారి ‘టప్’మని హ్యాండిల్ ఊడి చేతిలోకి వస్తుంది. డోర్ మాత్రం అలాగే ఉంటుంది.

కశ్మీర్, లద్దాఖ్‌లలో పుట్టి పెరిగిన డ్రైవర్లకు ఇది కొత్త కాదు. చలికాలం వస్తే కారును ఎలా చూసుకోవాలో వాళ్లకు తెలుసు. హైదరాబాద్, విజయవాడ నుంచి వెళ్లిన వారికి మాత్రం అది తెలిసే అవకాశం లేదు. లంబసింగిలో గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంటేనే మనకు వార్త. కారు డోర్ గడ్డకట్టడమంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ అనుభవం ఉండదు.

ఇప్పుడు ఇది తెలుసుకోవాల్సిన అవసరం పెరిగింది. ఒకప్పుడు రోహ్‌తాంగ్ కనుమ శీతాకాలంలో నెలల తరబడి మూతపడేది. 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ ప్రారంభమయ్యాక, వాతావరణం అనుకూలిస్తే జనవరిలోనూ మనాలీ నుంచి లాహౌల్ లోయలోకి కారులో వెళ్లగలుగుతున్నారు. కశ్మీర్‌లో 2025 జనవరిలో ప్రారంభమైన దాదాపు 6.5 కిలోమీటర్ల సోనామార్గ్ టన్నెల్ కూడా అలాంటిదే. చలికాలంలో దారి మూసుకుపోయే సోనామార్గ్‌కు ఇప్పుడు ఏడాది పొడవునా వెళ్లొచ్చు. చండీగఢ్‌లోనో, దిల్లీలోనో కారు అద్దెకు తీసుకుని, అంతకుముందు ఎన్నడూ మంచు చూడని వారు నేరుగా మైనస్ ఉష్ణోగ్రతల్లోకి వెళ్తున్నారు.

డోర్ బిగుసుకుపోవడం చాలాసార్లు ఒక గంట ఆలస్యంతోనో, మెకానిక్ బిల్లుతోనో ముగుస్తుంది. కానీ, అదే సమస్య కారు లోపల మనుషులు ఉన్నప్పుడు, మంచు తుపానులో వస్తే? 2022 జనవరి 7 రాత్రి పాకిస్తాన్‌లోని మరీ అనే హిల్ స్టేషన్‌ దారిలో వేల కార్లు మంచులో చిక్కుకున్నాయి. మరుసటి రోజు కార్లలో కనీసం 22 మంది మృతదేహాలు దొరికాయి. వారిలో 10 మంది పిల్లలు. ఒకే కుటుంబానికి చెందిన 8 మంది ఒకే కారులో చనిపోయారు. కొందరు చలికి, కొందరు కారులోకి చేరిన కార్బన్ మోనాక్సైడ్ వల్ల మరణించారని అధికారులు చెప్పారు.

అందుకే ఈ కథనంలో రెండు విషయాలు చూద్దాం. డోర్ గడ్డకట్టకుండా ఏం చేయాలి? మంచులో చిక్కుకుంటే ఆ డోర్‌ను తెరుచుకునే స్థితిలో ఎలా ఉంచుకోవాలి?

అసలు డోర్ ఎందుకు అతుక్కుపోతుంది?

కారు డోర్ చుట్టూ, డోర్ మూసుకునే ఫ్రేమ్ చుట్టూ నల్లటి రబ్బరు పట్టీ ఉంటుంది. మన మెకానిక్‌లు దీన్ని బీడింగ్ అంటారు. వాన నీరు, దుమ్ము, గాలి లోపలికి రాకుండా ఆపడం దాని పని. డోర్ వేసినప్పుడు ఈ రబ్బరు నొక్కుకుని ఎదుటి ఇనుప అంచుకు గట్టిగా ఆనుతుంది.

ఈ రెండింటి మధ్య పల్చటి నీటి పొర ఉండి, ఉష్ణోగ్రత సున్నా కంటే దిగువకు పడితే ఆ నీరు ఐస్‌గా మారుతుంది. రబ్బరునూ ఇనుమునూ కలిపి జిగురులా పట్టేస్తుంది. డోర్ చుట్టుకొలత పొడవునా ఇలా అతుక్కుంటే, చేతి బలంతో లాగినా రాదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. చలి ఒక్కటే డోర్‌ను పట్టి ఉంచలేదు. రబ్బరు పూర్తిగా పొడిగా ఉంటే మైనస్ 20 డిగ్రీల్లోనూ డోర్ తెరుచుకుంటుంది. తడిగా ఉంటే మైనస్ 2 డిగ్రీలు చాలు. కాబట్టి మనం అదుపు చేయాల్సింది తడిని. ఈ కథనంలోని జాగ్రత్తలన్నిటికీ మూలం ఇదే.

ఆ తడి ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటిది, కరిగిన మంచు. మనాలీ లాంటి చోట్ల శీతాకాలంలోనూ పగటి ఉష్ణోగ్రత సున్నా కంటే పైకి వెళ్తుంది. ఎండకు, లోపలి హీటర్ వేడికి కారు టాప్ మీది మంచు కరుగుతుంది. ఆ నీరు డోర్ పై అంచు నుంచి సందుల్లోకి జారుతుంది. సాయంత్రం ఎండ పోగానే అక్కడే గడ్డకడుతుంది. రోజంతా గడ్డకట్టే చలి ఉండే చోటు కంటే, పగలు కరిగి రాత్రి గడ్డకట్టే చోట ఈ ఇబ్బంది ఎక్కువ.

రెండోది, మన ఊపిరి. నలుగురైదుగురు గంటల తరబడి కూర్చున్న కారులో గాలి తేమతో నిండిపోతుంది. తడి బూట్లు, తడి జాకెట్లు దానికి తోడవుతాయి. కారు ఆపి దిగాక ఆ తేమ చల్లని అద్దాల మీద, డోర్ అంచుల మీద నీటి బిందువులుగా చేరుతుంది.

మూడోది, కారు కడగడం. బురద, ఉప్పు పట్టిందని సాయంత్రం కారు కడిగించి, అలాగే బయట వదిలేస్తే తెల్లారేసరికి నాలుగు డోర్లూ బిగుసుకుపోతాయి.

నాలుగోది, గడ్డకట్టే వాన. చినుకులు సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉండి కూడా నీటి రూపంలోనే పడతాయి. కారును తాకిన వెంటనే గాజు పొరలా గడ్డకడతాయి. మన హిమాలయాల్లో కంటే అమెరికాలో ఇది ఎక్కువ. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న డాలస్ ప్రాంతంలో మంచు కురిసే రోజులు తక్కువే అయినా, ఇలాంటి ఐస్ తుపానులు మాత్రం వస్తుంటాయి. 

వీటికి తోడు, డోర్ అడుగున ఉండే చిన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోతే అద్దం పక్క నుంచి లోపలికి దిగిన నీరు బయటకు పోదు. డోర్ లోపలే నిలిచి, అద్దం కిందకు దిగే దారిలోనూ, లాక్ దగ్గరా గడ్డకడుతుంది. నీరు ఐస్‌గా మారినప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. అందుకే ఒక్కోసారి డోర్ తెరుచుకున్నా, కొక్కెం కదలక మళ్లీ పడదు.

బయలుదేరే ముందు ఏం చేయాలి?

ఇంటి దగ్గరే చేయగలిగిన పని రబ్బరు బీడింగ్‌ను చూసుకోవడం. చిరిగినా, ఊడినా, ఒకవైపు అణిగిపోయినా మార్పించాలి. నీరు నిలిచేది అలాంటి చోటే. మామూలు సబ్బు నీళ్లతో బీడింగ్‌ను తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. డోర్ అడుగున రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో తీసేయాలి.

తర్వాత సిలికాన్ స్ప్రే లేదా సిలికాన్ గ్రీజు పట్టించాలి. కారు యాక్సెసరీస్ షాపుల్లో ఇది దొరుకుతుంది. నేరుగా డోర్ మీద కొట్టకుండా, గుడ్డ మీద కొట్టుకుని దాంతో రబ్బరు పొడవునా పల్చగా రుద్దాలి. సిలికాన్ నీటిని అంటనివ్వదు. నీరు పొరలా పరుచుకోకుండా బిందువులుగా జారిపోతుంది. కొద్దిగా ఐస్ ఏర్పడినా రబ్బరును గట్టిగా పట్టుకోలేదు. అద్దాలకు, స్టీరింగ్‌కు, పెడల్స్‌కు, కాళ్లు పెట్టే చోట సిలికాన్ తగలకుండా చూసుకోవాలి. తగిలితే జారుతుంది.

‘ఇంట్లో ఉన్న నూనె రాస్తే సరిపోదా?’ అని చాలామంది అడుగుతారు. సరిపోదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది. హైదరాబాద్ చలికే సీసాలో గడ్డకట్టే నూనె మైనస్ 10లో ఏం పనిచేస్తుంది? వంటనూనెలు కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్ము పట్టిస్తాయి. పెట్రోలియం జెల్లీ, ఇంజిన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు ఇంకో సమస్య తెస్తాయి. కార్ల బీడింగ్‌లో ఎక్కువగా వాడే రబ్బరు రకం పెట్రోలియం నూనెలు తగిలితే క్రమంగా ఉబ్బి, మెత్తబడి పాడవుతుంది. సిలికాన్ దొరక్కపోతే మందుల షాపులో దొరికే గ్లిజరిన్ కొంత మేలు. అది నీటిలో కరిగేది కాబట్టి మళ్లీ మళ్లీ రాయాలి.

రాత్రి కారు ఆపేటప్పుడు అయిదు నిమిషాలు

పొద్దున డోర్ తెరుచుకుంటుందా లేదా అన్నది చాలావరకు ముందు రోజు రాత్రే తేలిపోతుంది.

గమ్యం ఇంకో పది నిమిషాల్లో వస్తుందనగా హీటర్‌తో పాటు ఏసీ కూడా ఆన్ చేసి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టండి. ఏసీ గాలిలోని తేమను తీసేస్తుంది. మరీ చల్లగా ఉన్నప్పుడు కొన్ని కార్లలో ఏసీ పనిచేయదు. అప్పుడు బయటి గాలి ఒక్కటే పెట్టినా ఉపయోగమే. బయటి చల్లగాలిలో తేమ చాలా తక్కువ.

కారు ఆపాక టాప్ మీద, డోర్ పై అంచున పేరుకున్న మంచును బ్రష్‌తోనో చేత్తోనో దులిపేయండి. నాలుగు డోర్లూ, డిక్కీ ఒకటి రెండు నిమిషాలు తెరిచి ఉంచండి. లోపలి వేడి, తేమ బయటకు పోతాయి. ఆ తర్వాత పొడి గుడ్డతో బీడింగ్‌ను, ఎదుటి ఇనుప అంచును తుడవండి. డోర్ కింది అంచును మరిచిపోవద్దు. నీరు ఎక్కువగా చేరేది అక్కడే.

పార్కింగ్‌కు షెడ్డు దొరికితే మంచిదే. దొరక్కపోతే, పొద్దున ఎండ డ్రైవర్ వైపు పడేలా ఆపితే సహజంగానే కరుగుతుంది. తడిసిన కారు మీద కవర్ కప్పితే అది బాడీకి అతుక్కుపోతుంది. పొడి కారు మీద పొడి కవర్ అయితేనే లాభం. చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ బదులు గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టడం కొండ ప్రాంతాల డ్రైవర్లు పాటించే పద్ధతి. తడిసిన బ్రేక్ కూడా డోర్‌ లాగే రాత్రికి పట్టేస్తుంది.

రిమోట్ తాళంచెవిని జేబులో ఒంటికి దగ్గరగా ఉంచుకోండి. చలికి దాని బ్యాటరీ బలహీనపడుతుంది. బటన్ పనిచేయకపోతే తాళంచెవితో తెరవాల్సిందే. కాబట్టి ఏ డోర్‌కు తాళం రంధ్రం ఉందో ముందే చూసుకోవాలి. ఐస్ కరిగించే స్ప్రే ఉంటే దాన్ని కారులో పెట్టి తాళం వేయకండి. రూముకు తీసుకెళ్లండి.

పొద్దున డోర్ రాకపోతే ఏం చేయాలి?

ముందు మిగతా డోర్లు, డిక్కీ ప్రయత్నించండి. ఎండ పడే వైపు, గాలి తగలని వైపు డోర్ తెరుచుకునే అవకాశం ఎక్కువ. ఒక్కటి తెరుచుకున్నా లోపలికి వెళ్లి హీటర్ వేయొచ్చు. అయితే ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు వెనక్కి వెళ్లి, సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోలేదని చూసుకోవాలి.

ఏ డోరూ రాకపోతే లాగకండి, నెట్టండి. భుజంతోనో, రెండు అరచేతులతోనో డోర్‌ను కారు వైపు గట్టిగా నొక్కి వదలాలి. పై అంచు నుంచి కింది వరకు చుట్టూ ఇలాగే చేయాలి. లోపలి రబ్బరు నొక్కుకుని సాగుతుంది. ఐస్ పెళుసు కాబట్టి సాగలేక పగులుతుంది. అదే లాగితే బలమంతా హ్యాండిల్ మీద, రబ్బరు అతుకు మీద పడుతుంది. హ్యాండిల్ విరగొచ్చు, బీడింగ్ చిరిగి రావొచ్చు. డోర్‌లోకి ఒదిగిపోయే హ్యాండిళ్లున్న కార్లలో, హ్యాండిల్ చుట్టూ ఉన్న ఐస్‌ను పగలగొట్టడానికి అరచేతితో మెల్లగా తట్టాలి. స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు.

అప్పటికీ రాకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనికొస్తుంది. రెండు వంతుల ఆల్కహాల్‌కు ఒక వంతు నీళ్లు కలిపి స్ప్రే సీసాలో పెట్టుకోవచ్చు. స్వచ్ఛమైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దాదాపు మైనస్ 89 డిగ్రీల దగ్గర గానీ గడ్డకట్టదు. డోర్ సందు పొడవునా కొట్టి కొన్ని నిమిషాలు ఆగితే ఐస్ వదులవుతుంది. తాళం రంధ్రం పట్టేస్తే, ఆల్కహాల్ ఉన్న శానిటైజర్‌ను తాళంచెవికి రాసి మెల్లగా లోపలికి తోయొచ్చు. ఆల్కహాల్ మండే గుణమున్నది. దగ్గర్లో సిగరెట్, మంట ఉండకూడదు.

చేయకూడనివి

వేడినీళ్లు పోయకండి. హోటల్ వాళ్లు మంచి ఉద్దేశంతోనే బకెట్‌తో తెచ్చిపెట్టొచ్చు. మైనస్ ఉష్ణోగ్రతలో ఉన్న అద్దం మీద మరుగుతున్న నీళ్లు పడితే అది పగలొచ్చు. పగలకపోయినా, ఆ నీరు సందుల్లోకి దిగి కాసేపటికి మరింత మందంగా గడ్డకడుతుంది.

లైటర్‌తో తాళంచెవిని కాల్చి తోయడం పాత కార్ల నాటి చిట్కా. ఇప్పటి తాళంచెవుల్లో చిప్ ఉంటుంది. వేడికి అది పాడైతే కారు స్టార్టే కాదు. కత్తి, స్క్రూడ్రైవర్ లాంటివి సందులో దూర్చితే పెయింట్, రబ్బరు రెండూ పోతాయి. అద్దం గడ్డకట్టి ఉన్నప్పుడు పవర్ విండో బటన్ పదేపదే నొక్కితే లోపలి మోటారుకో, తీగకో దెబ్బ. డోర్ తీస్తే అద్దం కొద్దిగా కిందకు దిగే రకం కార్లలో మరింత జాగ్రత్త అవసరం.

డోర్ తెరుచుకున్నాక వెంటనే బీడింగ్ తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ సిలికాన్ రాస్తే మరుసటి రోజు ఇదే తిప్పలు ఉండవు.

లోపలే చిక్కుకుంటే?

2024 డిసెంబరులో సోలంగ్, అటల్ టన్నెల్ మధ్య మంచు కురిసి దాదాపు వెయ్యి వాహనాలు నిలిచిపోయాయి. పోలీసులు పర్యటకులను అక్కడి నుంచి తరలించారు. ఇలాంటి ట్రాఫిక్ జామ్‌లో గంటల తరబడి హీటర్ వేసుకుని కూర్చోవడం ఎవరైనా చేసే పనే. అసలు ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది.

మంచు పేరుకుంటూ సైలెన్సర్ గొట్టాన్ని మూసేస్తే, పొగ బయటకు పోయే దారి లేక కారు కింద చేరుతుంది. అక్కడి నుంచి చిన్న చిన్న సందుల ద్వారా లోపలికి వస్తుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు మొదటి లక్షణాలు. ఆ మత్తులోనే నిద్రపోయి లేవని వాళ్లున్నారు.

ఎత్తైన ప్రాంతాల్లో దీన్ని గుర్తించడం ఇంకా కష్టం. 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో మన ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. ఆ ఎత్తుకు అలవాటు పడని వారికి వచ్చేదీ ఇదే తలనొప్పి, ఇదే వికారం. ‘ఎత్తు వల్ల వచ్చిందిలే’ అనుకుని కళ్లు మూసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. కారులో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి మొదలైతే ముందుగా అనుమానించాల్సింది పొగనే. వెంటనే ఇంజిన్ ఆపి, డోర్ తెరిచి బయటి గాలిలోకి రావాలి.

ఆ క్షణంలో డోర్ తెరుచుకోవాలి. కాబట్టి మంచు కురుస్తున్నంతసేపూ అరగంటకోసారి కనీసం ఒక డోర్‌ను, వీలైతే గాలి తగలని వైపు డోర్‌ను, పూర్తిగా తెరిచి మూయండి. అంచుల్లో ఐస్ ముదరకుండా, బయట పేరుకున్న మంచు డోర్‌ను అడ్డుకోకుండా ఇది కాపాడుతుంది. పిల్లల కోసం వెనుక డోర్లకు చైల్డ్ లాక్ వేసి ఉంటే తీసేయండి. అది ఉంటే లోపలి నుంచి ఆ డోర్లు తెరుచుకోవు. ఎలక్ట్రానిక్ బటన్‌తో తెరుచుకునే డోర్లయితే, బ్యాటరీ పనిచేయనప్పుడు చేత్తో తెరిచే లివర్ ఎక్కడుందో ప్రయాణానికి ముందే వెతికి పెట్టుకోండి.

ఇంజిన్‌ను నిరంతరం నడపొద్దు. గంటకు పది నిమిషాల పాటు, అదీ ప్రతిసారీ దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తీసేశాకే నడపండి. ఆ సమయంలో గాలి తగలని వైపు అద్దం ఒక వేలెడు దించి ఉంచండి. అద్దం దించామన్న ధీమాతో సైలెన్సర్‌ను వదిలేయకూడదు. మిగతా సమయంలో దుప్పట్లు, టోపీలు, చేతి తొడుగులతో ఒకరికొకరు దగ్గరగా కూర్చోవాలి. అందరూ ఒకేసారి నిద్రపోకూడదు. సాయం కోసం 112కు ఫోన్ చేయాలి. పోలీసులు కారు వదిలి రమ్మంటే, కారు గురించి ఆలోచించకుండా వారితో వెళ్లిపోవాలి.

అమెరికాలో ఉంటున్న వారికీ ఇది వర్తిస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటు పోయినప్పుడు, వెచ్చదనం కోసం గ్యారేజీలో కారు ఆన్ చేసి కూర్చున్న వారు కార్బన్ మోనాక్సైడ్ బారిన పడ్డారు. గ్యారేజీ తలుపు తెరిచి ఉన్నా సరే, లోపల కారు ఆన్ చేసి ఉంచకూడదు.

కారులో ఏముండాలి?

సిలికాన్ స్ప్రే, రెండు మూడు పొడి గుడ్డలు, ఆల్కహాల్ కలిపిన స్ప్రే సీసా, ప్లాస్టిక్ స్క్రేపర్, మెత్తటి బ్రష్, చిన్న పార, టార్చి, దుప్పట్లు, నీళ్లు, తినడానికి ఏదైనా. పారను డిక్కీలో కాకుండా సీటు కింద పెట్టుకోండి. డిక్కీ గడ్డకడితే అందులోని పార చేతికి రాదు.

కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజుల గడ్డు చలికాలాన్ని ‘చిల్లై కలాన్’ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో సంక్రాంతి సెలవులు వచ్చేదీ ఆ రోజుల్లోనే. ఈసారి ఆ సెలవుల్లో కొండల్లోకి కారులో వెళ్తుంటే, ప్రతి రాత్రీ రూముకు వెళ్లే ముందు ఒకసారి వెనక్కి తిరిగి పొడి గుడ్డతో నాలుగు డోర్ల అంచులూ తుడిచి వెళ్లండి. అందుకు పట్టేది అయిదు నిమిషాలే.